విత్తనం వేయకముందే చెప్పండి: ఎగుమతులు, దిగుమతులపై కేంద్ర మంత్రులకు ఒక రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వాణిజ్య శాఖ మంత్రి గారికి, వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను పల్నాడు వైపు రైతుని. సొంతం నాలుగెకరాలు, కౌలుకి ఆరెకరాలు. మిర్చి, పత్తి వేస్తాను. వాన చూసుకుని కొంత కంది వేస్తాను. మా బావమరిది భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. ఇదివరకు మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే వానలు, కూలి రేట్లు, పిల్లల చదువులు, ఇవే ఉండేవి. ఇప్పుడు వాడు ఫోన్ ఎత్తగానే "బావా, ఢిల్లీ నుంచి పత్తి మీద మళ్లీ ఏమైనా వచ్చిందా?" అంటాడు. నేను "అమెరికా సంగతి ఏమైంది?" అని అడుగుతాను. ఇద్దరికీ వ్యవసాయం తప్ప ఇంకో పని రాదు. అయినా వ్యవసాయం గురించి మాట్లాడుకోవడం తగ్గిపోయింది.

మా పంట ధర మా ఊళ్లో తేలడం మానేసి చాలా ఏళ్లయింది. అందులో తప్పేమీ లేదు. మేం పండించింది నాలుగు దేశాలకు పోవాలనే మేమూ కోరుకుంటాం. మిరపకాయని చైనా కొనకపోతే, రొయ్యని అమెరికా తినకపోతే మా రెండు వైపులా ఇన్ని పక్కా ఇళ్లు లేచేవి కావు, ఇంతమంది పిల్లలు ఇంజినీరింగు చదివేవాళ్లూ కారు. కాబట్టి నేను విదేశీ వ్యాపారం వద్దని ఈ ఉత్తరం రాయడం లేదు. నా బాధ ఒక్కటే. పంట వేసేటప్పుడు ఒక నిబంధన ఉంటోంది, కోసేటప్పుడు ఇంకోటి ఉంటోంది. మధ్యలో మార్చేది మీరు, ఆ తేడా భరించేది మేము.

2025 పత్తి సంగతే చెప్తాను. మే 28న కేంద్ర మంత్రివర్గం ఖరీఫ్ మద్దతు ధరలు ప్రకటించింది. పత్తికి క్వింటాలుకు 589 రూపాయలు పెంచి, మధ్యరకం పింజకు 7,710, పొడవు పింజకు 8,110 చేశారు. ఆ వార్త చదివాకే నేను కౌలు ఆరెకరాల్లో నాలుగెకరాలు పత్తి వేద్దామనుకున్నాను. జూన్‌లో విత్తనం పడింది. ఆగస్టుకి చేను గూడ, పూత మీద ఉంది. ఆగస్టు 19న దిగుమతి పత్తి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేస్తూ నోటిఫికేషన్ వచ్చింది. సెప్టెంబరు 30 దాకానే అన్నారు. పది రోజులు తిరక్కముందే డిసెంబరు 31 దాకా పొడిగించారు. మా వైపు పత్తి తీత అక్టోబరులో మొదలవుతుంది, జనవరి దాకా సాగుతుంది. మేము అమ్ముకోవాల్సిన నెలల్లోనే బ్రెజిల్ పత్తి, అమెరికా పత్తి, ఆస్ట్రేలియా పత్తి పైసా సుంకం లేకుండా మన మిల్లులకు వచ్చాయి.

ఆ 11 శాతంలో దాదాపు సగం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు. 2021 బడ్జెట్‌లో రైతు పేరు చెప్పే దాన్ని పెట్టారు.

ఎందుకు ఎత్తేశారో నాకు తెలుసు. ఆ నెలలోనే అమెరికా మన సరుకు మీద పన్ను 50 శాతానికి తీసుకుపోయింది. తిరుప్పూరులో బట్టలు కుట్టేవాళ్ల పొట్ట మీద దెబ్బ పడింది. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, వాళ్లూ మా ఇళ్లలాంటి ఇళ్ల నుంచి పోయినవాళ్లే. వాళ్లకి సాయం చేయవద్దని ఏ రైతూ అనడు. కానీ ఆ సాయం సర్కారు ఖజానా నుంచి పోవాలి. మిల్లుకి పత్తి చవగ్గా దొరకాలని తలుపు తెరిస్తే ఆ సాయం పత్తి రైతు జేబులోంచి పోయినట్టే. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మీరు ఒప్పుకుంటారా అని.

ఆ ఏడాది అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. విచ్చిన పత్తి చేలోనే తడిసిపోయింది. తేమ 12 శాతం దాటితే కేంద్రం తరఫున పత్తి కొనే సంస్థ సీసీఐ కొనదు. యాప్‌లో స్లాట్ బుక్ చేసుకుని, ట్రాక్టర్ కిరాయి కట్టి తీసుకుపోయి, తేమ ఎక్కువుందని వెనక్కి తిప్పుకొచ్చినవాళ్లు మా ఊళ్లో చాలామంది. అలా వెనక్కి వచ్చిన బండి తిన్నగా ప్రైవేటు వ్యాపారి దగ్గరికి పోతుంది. అతను మద్దతు ధర కన్నా చాలా తక్కువకి అడిగాడు. ఏంటయ్యా అంటే "బయటి పత్తి దండిగా వస్తోంది బాబాయ్, ఇంతకన్నా రాదు" అన్నాడు. అతను అబద్ధమాడుతున్నాడని నేను అనలేను.

మే నెలలో ఒక శాఖ 589 రూపాయలు పెంచుతుంది. ఆగస్టులో ఇంకో శాఖ సంతకం ఆ పెంపుని మింగేస్తుంది. ఈ ఉత్తరం ఒకరికి కాకుండా ఇద్దరికి కలిపి రాయడానికి కారణం అదే. సుంకం నోటిఫికేషన్ ఇచ్చేది ఆర్థిక శాఖ, ఎగుమతులు ఆపేది వాణిజ్య శాఖ, ధరలు పెరిగాయని ముందు కంగారు పడేది వినియోగదారుల శాఖ, మద్దతు ధర లెక్క వేసేది వ్యవసాయ శాఖ కింది కమిషన్. మా చేను మాత్రం ఒక్కటే.

కంది మీద ఇంకా ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే అక్కడ మీరు మాట ఇచ్చారు. ఇచ్చింది మాకు కాదు, మొజాంబిక్ రైతులకి. 2016లో ప్రధానమంత్రి గారు అక్కడికి వెళ్లినప్పుడు ఒప్పందం కుదిరింది. ఐదేళ్ల పాటు ఏ ఏడాది ఎంత కంది తీసుకుంటామో అంకెలతో సహా రాసి ఇచ్చారు. లక్ష టన్నులతో మొదలై రెండు లక్షలకు పెరగాలి. 2021లో దాన్ని ఇంకో ఐదేళ్లు పొడిగించారు. మలావీతో 50 వేల టన్నులకు, మయన్మార్‌తో లక్ష టన్నుల కందులకు, రెండున్నర లక్షల టన్నుల మినుములకు అలాంటి ఒప్పందాలే చేసుకున్నారు. నేను ఆ దేశాల రైతుల మీద అసూయతో ఇది రాయడం లేదు. ఆఫ్రికాలో కంది వేసే రైతు కూడా మా లాంటి చిన్న రైతే. నన్ను బాధపెట్టేది ఏమిటంటే, ఐదేళ్ల ముందు చెప్పడం మీకు చేతనవును. సముద్రం అవతల ఉన్న రైతుకి విత్తనం వేసే ముందే ఎంత కొంటారో చెప్పగలిగారు. తాండూరు రైతుకి, ప్రకాశం రైతుకి ఆరు నెలల ముందు కూడా చెప్పలేకపోతున్నారు.

పరిమితి లేకుండా కంది దిగుమతికి 2021 మేలో తలుపు తీశారు. అది ఒక్కసారిగా ఇన్నేళ్లకని ఇచ్చింది కాదు, గడువు ముగిసే ముందల్లా పొడిగిస్తూ వచ్చారు. 2026 మార్చి దాకా అని పొడిగించింది 2025 జనవరిలో. జనవరి అంటే మాకు కంది కోత, నూర్పిడి. తాండూరు యార్డుకి కొత్త కందులు గుట్టలుగా వచ్చే నెల. ఆ నెలలో ఆ వార్త పడితే వ్యాపారి చెయ్యి వెనక్కి పోకుండా ఎలా ఉంటుంది? దానికి తోడు పసుపు బఠాణీ మీద ఉన్న 50 శాతం సుంకాన్ని 2023 డిసెంబరులో పూర్తిగా ఎత్తేశారు. కెనడా నుంచి, రష్యా నుంచి ఓడలు ఓడలుగా వచ్చింది. పప్పు మిల్లుల్లో, పిండిలో అది శనగకు పోటీ, కొన్నిచోట్ల కందికీ పోటీ. 2024-25లో మన దేశం 70 లక్షల టన్నులకు పైగా పప్పులు దిగుమతి చేసుకుంది. అంతకుముందు ఎప్పుడూ అంత రాలేదు. ఆ ఏడాది కంది మద్దతు ధర 7,550. 2025లో మార్కెట్ ధర దాని కిందికి పడిపోయింది. పసుపు బఠాణీ మీద 30 శాతం సుంకం మళ్లీ వేసింది 2025 నవంబరు 1న. ఆపాటికి ఓడలు వచ్చి, సరుకు గోదాముల్లోకి చేరిపోయింది.

2025 అక్టోబరులో పప్పుల స్వావలంబన మిషన్‌కి 11,440 కోట్లు ఆమోదించారు. మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. మంచి విత్తనం, కొనుగోలు హామీ రెండూ అందులో ఉన్నాయి. కానీ కంది ఎందుకు తగ్గించారని మా ఊళ్లో పదిమందిని అడిగితే విత్తనం దొరకలేదని ఎవరూ చెప్పరు. ధర నమ్మకం లేదని చెప్తారు.

మీ ముందే ఉన్న ఇంకో దేశం సంగతి చెప్తాను. ఫిలిప్పీన్స్ బియ్యం ఎక్కువగా కొనుక్కునే దేశం. మన తెలంగాణ ప్రభుత్వం వాళ్లతో ఒప్పందం చేసుకుని, 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి 12,500 టన్నుల ఎంటీయూ 1010 రకం బియ్యం పంపింది. మా వైపు రైతులంతా సంతోషపడ్డాం. అదే ఫిలిప్పీన్స్ 2025 సెప్టెంబరు 1 నుంచి 60 రోజులు బియ్యం దిగుమతి ఆపేసింది. కారణం ఏమిటి? వాళ్ల రైతుల కోత వస్తోంది, ధర పడిపోయింది. తినడానికి బయటి బియ్యం మీద ఆధారపడిన దేశం కూడా తన రైతు కోత నెలల్లో తలుపు మూసుకుంది. మనం పత్తికి, కందికి సరిగ్గా కోత నెలల్లో తలుపు తీశాం.

బియ్యంలో అయితే తలుపు బయటికి పోయే వైపు మూశారు. ప్రపంచ మార్కెట్‌లో అమ్ముడయ్యే బియ్యంలో సుమారు 40 శాతం మనదే. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపారు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఆపారు. ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. వానలు తక్కువ పడతాయన్న భయంతో చేశారు, ఆ భయం అర్థమవుతుంది. కానీ తెల్ల బియ్యం ఎగుమతి 2024 సెప్టెంబరు 28 దాకా తెరుచుకోలేదు. పద్నాలుగు నెలలు! కాకినాడ నుంచి ఏళ్ల తరబడి బియ్యం తీసుకుపోయిన పశ్చిమ ఆఫ్రికా వ్యాపారులు ఈలోగా ఊరికే కూర్చోలేదు. థాయిలాండ్ వైపు, వియత్నాం వైపు చూసుకున్నారు. ఒకసారి పోయిన బేరం మళ్లీ రావాలంటే ధర తగ్గించి పిలవాలి. ఆ తగ్గింపు ఎవరి మీద పడుతుందో మిల్లర్‌కీ తెలుసు, మాకూ తెలుసు.

వీటన్నిటిలో నా మనసుని ఎక్కువ కలచివేసేది కడప వైపు పండే కేపీ ఉల్లి కథ. కృష్ణాపురం ఉల్లి అంటారు. ఘాటు ఎక్కువ, మన ఇళ్లలో కూరకి వాడరు. మలేషియా, సింగపూర్, థాయిలాండ్ వాళ్ల కోసమే వేస్తారు. 2019 సెప్టెంబరులో దేశంలో ఉల్లి ధర పెరిగిందని ఎగుమతి మొత్తం ఆపినప్పుడు ఇదీ ఆగిపోయింది. మన దేశంలో ఎవరూ తినని ఉల్లిని ఆపితే మన వంటింట్లో ఉల్లి ధర ఎలా తగ్గుతుందని రైతులు తిరిగి తిరిగి మొరపెట్టుకుంటే, 2020 ఫిబ్రవరిలో 10 వేల టన్నులకు అనుమతి ఇచ్చారు. అదే 2020 సెప్టెంబరులో మళ్లీ నిషేధం పెట్టారు, ఇది మళ్లీ అందులో కలిసిపోయింది, అక్టోబరులో మళ్లీ 10 వేల టన్నులకు విడిగా అనుమతి ఇచ్చారు. మొదటిసారి తెలియక జరిగిందనుకుందాం. ఏడాదిలోపే రెండోసారి ఎలా జరిగింది? నోటిఫికేషన్ రాసే గదిలో ఈ పంట గురించి తెలిసినవాడు ఒక్కడు కూడా లేడని నాకు అనిపిస్తుంది. ఉల్లి మీ అనుమతి వచ్చేదాకా ఆగే పంట కాదండీ, మొలకెత్తిపోతుంది.

నూనెల సంగతి కొంచెమే చెప్తాను. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద మూల సుంకం 20 శాతం చేశారు. గెల ధర టన్నుకు 20 వేలు దాటింది. ఏలూరు వైపు, అశ్వారావుపేట వైపు రైతులు ఉత్సాహంగా కొత్త తోటలు పెట్టారు. 2025 మే 30న ఆ సుంకాన్ని సగానికి సగం తగ్గించారు. పత్తి రైతుకి వచ్చే ఏడాది పంట మార్చుకునే వీలుంది. పామాయిల్ మొక్క నాటినవాడు నాలుగేళ్లు కాపు కోసం ఎదురుచూడాలి, పాతికేళ్లకు పైగా దాన్నే నమ్ముకుని ఉండాలి. 11,040 కోట్ల మిషన్ పెట్టి మొక్కలు నాటించింది మీ ప్రభుత్వమే. అలాంటి పంటకి ఎనిమిది నెలలకే సుంకం మారితే ఎలా?

ఇంక రొయ్యలు. ఇక్కడ తలుపు మన చేతిలో లేదని నాకు తెలుసు. మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 2024-25లో 62 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో మూడింట రెండు వంతులకు పైగా రొయ్యే. రొయ్యకు అందరికన్నా పెద్ద కొనుగోలుదారు అమెరికా. మన చెరువుల్లో పెరిగేది వనామీ రకం, 2009లో ఈ దేశానికి వచ్చింది. దాని తల్లి రొయ్యలు కూడా ఎక్కువగా అమెరికా నుంచే దిగుమతి అవుతాయి. చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచి హేచరీలకు ఇస్తారు. తల్లి అక్కడి నుంచే వస్తుంది, పిల్ల పెరిగి మళ్లీ అక్కడికే పోతుంది. మధ్యలో అప్పు, కరెంటు బిల్లు, వైట్‌స్పాట్ తెగులు భయం మావాడివి.

2025 ఆగస్టులో ఆ 50 శాతం పన్నుకి అంతకుముందున్న యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ సుంకం (మన సర్కారు రాయితీలకు విరుగుడుగా వేసేది) కలిస్తే మన రొయ్య మీద భారం 58 శాతం దాకా పోయింది. అదే ఈక్వెడార్ మీద కొత్తగా వేసింది 15 శాతమే. మా బావమరిది చెరువులో అప్పటికి రొయ్య 60 కౌంట్‌కి, అంటే కిలోకి 60 తూగే సైజుకి వచ్చింది. ఇంకో నెల ఆగితే పెద్ద సైజు వస్తుంది, అమెరికా వాళ్లు అడిగేది అదే. కానీ ఏజెంటు ఫోన్ చేసి "రేపు రేటు ఎంతుంటుందో నేను చెప్పలేను" అన్నాడు. మేత బస్తా అప్పు మీద వస్తోంది, రోజూ రాత్రి నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు తిరగాలి. వాడు ఆ టెన్షన్ తట్టుకోలేక పట్టుబడి చేసేశాడు. రెండు చెరువుల మీద ఎంత పోయిందో నాకు చెప్పలేదు, మా చెల్లెలికీ చెప్పలేదు. ఆ తర్వాత పన్నులు మారవచ్చు, ఒప్పందాలు కుదరవచ్చు. ఆ పంట మాత్రం అలా అయిపోయింది.

2025 నవంబరులో ఎగుమతిదారుల కోసం 25,060 కోట్లతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్ ఆమోదించారు. రుణాలకు 20 వేల కోట్ల దాకా హామీ కూడా ఇచ్చారు. ఇవి అవసరమే. కానీ మీ కాగితాల్లో మావాడు ఎగుమతిదారు కాదు. సరుకు ప్రాసెసింగ్ ప్లాంటు గేటు దాటాకే ఎగుమతి అవుతుంది. గేటుకి ఇవతల నష్టపోయినవాడికి ఆ మిషన్‌లో ఏముంది? ప్లాంటుకి రుణ గడువు పొడిగించే షరతుల్లో ఒకటిగా, పన్ను పెరిగిన నెలల్లో చెరువు గట్టు మీద ధర ఇంతకు తగ్గించకూడదని ఒక మాట పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

బ్రిటన్‌తో 2025 జూలై 24న ఒప్పందం మీద సంతకం చేశారు. రొయ్య మీద సుంకం తీసేయడానికి వాళ్లు ఒప్పుకున్నారు. మన పాల ఉత్పత్తుల జోలికి వాళ్లను రానివ్వలేదు. అమెరికా ఎంత ఒత్తిడి పెట్టినా పాలు, జన్యుమార్పిడి మొక్కజొన్న, సోయా విషయంలో చాలాకాలం గట్టిగా నిలబడ్డారు. ఊళ్లో రెండు గేదెలు మేపుకునే ప్రతి ఇంటి తరఫునా అందుకు కృతజ్ఞతలు చెప్తున్నాను. ఒక దేశాన్నే నమ్ముకోకుండా పది దేశాలకు అమ్మాలన్న మీ ప్రయత్నం సరైనదే.

ఆ మాట మిర్చికి మరీ ఎక్కువ వర్తిస్తుంది. గుంటూరు యార్డులో తేజా రకం ధర చైనా కొనుగోలు మీద ఆధారపడి ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో కరోనా వల్ల చైనా కొనడం ఆపితే మా టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డులో అలాగే ఉండిపోయాయి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం నాశనం చేసింది. ఆ పురుగు కూడా ఈ దేశపుది కాదు, ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. ఆ ఏడాది నేను రెండెకరాల చేనుని పీకేసి దున్నించాను. ఆ మరుసటి ఏడాది పంట తక్కువై క్వింటాలు 20 వేలు దాటితే అందరం మిర్చే వేశాం. 2025 ఫిబ్రవరికి ధర 11 వేల దగ్గరికి వచ్చింది. అప్పుడు మీరు మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించారు. ఆ ప్రకటన వచ్చింది ఫిబ్రవరి చివర్లో. మా వైపు కోతలు జనవరిలోనే మొదలవుతాయి. కౌలు రైతు అప్పటికే కల్లంలో నుంచే అమ్మేసుకున్నాడు. వాడికి కోల్డ్ స్టోరేజీలో దాచుకునేంత ఓపిక ఉండదు, అప్పిచ్చినవాడు గుమ్మంలోనే కూర్చుంటాడు.

ఇంకో చిన్న విషయం ఉంది, కానీ దీనికి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. మూడేళ్ల కిందట మా ఊరి నుంచి పోయిన ఒక మిర్చి లోడు పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని వెనక్కి వచ్చింది. ఏ మందు, ఎంత ఉంది అని అడిగితే ఎగుమతి చేసే ఆయన కాగితం చూపించలేదు. కొట్టు అతను ఇచ్చిన మందే మేం కొట్టాం. యూరప్‌కి పోవాలంటే ఏవి కొట్టకూడదో, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో మాకు ఎవరూ తెలుగులో రాసి ఇవ్వలేదు. దేశం పేరు, కొట్టకూడని మందు పేరు, ఆపాల్సిన రోజులు ఉన్న ఒక్క కాగితం ప్రతి రైతు సేవా కేంద్రంలో, ప్రతి మందుల కొట్టులో గోడకు అంటించండి. యార్డులో సరుకు ఇచ్చేటప్పుడే పరీక్ష చేయించుకునే ల్యాబ్ పెట్టండి, రిపోర్టు రైతు చేతికి ఇవ్వండి. సరుకు వెనక్కి వచ్చాక మమ్మల్ని తిట్టడం కన్నా ఇది తేలిక.

ఎరువుల విషయంలో నేను కోరేది తక్కువ. పొటాష్ మొత్తం బయటి నుంచే రావాలి. డీఏపీలో పెద్ద భాగం సౌదీ నుంచో మొరాకో నుంచో రావాలి. చైనా ఇవ్వనంటే ఏం జరుగుతుందో 2025లో చూశాం. ఆ ఖరీఫ్‌లో తెలంగాణలో యూరియా కోసం తెల్లవారుజామున క్యూలో చెప్పులు పెట్టి నిలబడ్డ రైతుల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఓడలకు బేరం నాట్లు మొదలయ్యాక కాకుండా వేసవిలోనే కుదుర్చుకోండి.

దేశం మొత్తం లెక్క కూడా నన్ను కలవరపెడుతోంది. 2013-14లో మన వ్యవసాయ ఎగుమతులు సుమారు 4,330 కోట్ల డాలర్లు, దిగుమతులు 1,550 కోట్ల డాలర్లు. 2024-25లో ఎగుమతులు 5,190 కోట్లు, దిగుమతులు 3,850 కోట్లు. ఎగుమతులు ఐదో వంతు పెరిగేలోపు దిగుమతులు రెండున్నర రెట్లయ్యాయి. దిగుమతుల్లో పెద్ద భాగం నూనెలు, పప్పులు. రెండూ ఈ నేల మీద పండేవే. 1986లో నూనె గింజల మిషన్ పెట్టి, ధర దన్ను ఇచ్చి, ఏడెనిమిదేళ్లలో మన నూనె దాదాపు మనమే పండించుకునే స్థితికి దేశం వచ్చింది. మా నాన్న ఆ రోజుల్లో వేరుశనగ వేసేవాడు. ఆ తర్వాత తలుపులు తెరుచుకున్నాయి, మా ఇంట్లో వేరుశనగ ఆగిపోయింది.

మీరు అనబోయేది నేను ఊహించగలను. పప్పు ధర, నూనె ధర పెరిగితే పట్నంలో కూలి చేసుకునేవాడు ఎలా బతుకుతాడని అంటారు. నిజమే. నేనూ నూనె ప్యాకెట్ కొనుక్కునేవాణ్నే. మా ఊళ్లో సగం ఇళ్లకు సెంటు భూమి లేదు, వాళ్లు ప్రతి గింజా కొనుక్కుంటారు. వాళ్ల కడుపు కొట్టి నాకు ధర ఇమ్మని అడగను. నేను అడిగేది కాలం గురించి. కంది డిసెంబరు నుంచి మార్చి దాకా మార్కెట్‌కి వస్తుంది. ఆ నాలుగు నెలలూ సుంకం పూర్తిగా ఉంచండి, మా దగ్గర మద్దతు ధరకు కొని నిల్వ చేయండి. ఆగస్టు నుంచి నవంబరు దాకా సరుకు తక్కువగా ఉంటుంది, అప్పుడు మీ నిల్వ వదలండి, చాలకపోతే సుంకం తగ్గించి తెప్పించండి. ఆ నెలల్లో మా దగ్గర అమ్మడానికి గింజ ఉండదు కాబట్టి మాకు నష్టం లేదు. తినేవాడికీ ధర అందుతుంది.

ఇక నా విన్నపం. ప్రతి ఏడాది మే నెలాఖరులోనో జూన్ మొదట్లోనో ఖరీఫ్ మద్దతు ధరల పట్టిక విడుదల చేస్తారు. ఆ పట్టికలో ఇప్పుడు పంట పేరు, పాత ధర, కొత్త ధర, పెంపు ఉంటాయి. పక్కన ఇంకో రెండు గడులు వేయండి. ఒకదానిలో ఆ పంట అమ్ముడుపోయే దాకా దిగుమతి సుంకం ఎంత ఉంటుందో రాయండి. రెండోదానిలో ఎగుమతికి అడ్డు ఉంటుందో ఉండదో రాయండి. రబీకి కూడా అలాగే చేయండి. ఆ గడుల్లో ఉన్న అంకె మాకు ఇష్టం లేనిదైనా ఫర్వాలేదు. పత్తికి సుంకం సున్నా అని మే నెలలోనే తెలిస్తే నేను నాలుగెకరాలు పత్తి వేసేవాణ్ని కాదు, జొన్నో మొక్కజొన్నో వేసుకునేవాణ్ని.

యుద్ధం వచ్చో, కరువు వచ్చో మధ్యలో మార్చక తప్పదనుకోండి. మార్చండి. అప్పుడు నోటిఫికేషన్ వచ్చిన రోజు ముందున్న ధరకి, ఆ తర్వాత పడిన ధరకి మధ్య తేడా ఈ-క్రాప్ (సర్కారు పంటల నమోదు)లో ఉన్న ప్రతి రైతు ఖాతాకి, ముఖ్యంగా కౌలు రైతు ఖాతాకి వేయండి. పీఎం కిసాన్ డబ్బు ఏడాదికి మూడుసార్లు కోట్ల ఖాతాలకు ఒక్క రోజులో వేస్తున్నారు. ఈ పని చేయడానికి దారి ఇప్పటికే ఉంది.

ఒప్పందాలు మాట్లాడే ముందు మిల్లుల సంఘాలను, ఎగుమతిదారుల సంఘాలను పిలిచి అడుగుతారు. ఏ పంట గురించి మాట్లాడుతున్నారో ఆ పంట వేసేవాళ్లను కూడా పిలవండి. కేపీ ఉల్లి రైతు ఒక్కడు ఆ గదిలో ఉండి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు. మాకు ఇంగ్లీషు, హిందీ అంతగా రావు, కానీ మా పంట ఏ వారంలో యార్డుకి వస్తుందో, ఎన్ని రోజులు ఆగుతుందో చెప్పగలం.

నా పత్తి చేను ఇప్పుడు ఖాళీగా ఉంది. వచ్చే ఖరీఫ్‌కి కౌలు మాట్లాడుకునే సమయం దగ్గరపడింది. భూమి ఆసామి ఎకరానికి ఎంత అడుగుతాడో నాకు తెలుసు, విత్తనం ధర తెలుసు, కూలి రేటు తెలుసు. సుంకం గడి ఒక్కటే ఖాళీగా ఉంది. మే నెల లోపు మీ నుంచి జవాబు వస్తుందని ఎదురుచూస్తాను.

ఇట్లు,
పల్నాడు నుంచి ఒక పత్తి, మిర్చి రైతు